లినక్స్‌లో వేడి లెక్కలు: ఆ అంకె చెప్పిందెవరు?

(లినక్స్ వాడేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగం. అక్కడక్కడా మాటలు సరిచేశాం. కమాండ్లను, ఫైల్ పేర్లను వక్త పలికినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినబడుతోందా? సరే.

ముందు తెర మీద ఈ ఒక్క లైను చూడండి. మామూలు ల్యాప్‌టాప్‌లో 'సెన్సర్స్' అనే కమాండ్ కొడితే వచ్చింది. లోపలున్న ఎన్‌విఎమ్ఈ ఎస్‌ఎస్‌డి, అంటే డేటా దాచే చిప్‌ల డిస్కు, గురించి చెబుతోంది. 'సెన్సర్ 1' ఎదురుగా 38.9 డిగ్రీలు అని ఉంది. బాగానే ఉంది. పక్కన బ్రాకెట్లో చూడండి. కనీస హద్దు మైనస్ 273.1 డిగ్రీలు. గరిష్ఠ హద్దు 65261.8 డిగ్రీలు. (నవ్వులు) సూర్యుడి ఉపరితలం దాదాపు 5500 డిగ్రీలు ఉంటుంది. అంటే ఈ ఎస్‌ఎస్‌డి సూర్యుడికి పది రెట్లకు పైగా వేడెక్కినా ఫర్వాలేదని మన కంప్యూటర్ భరోసా ఇస్తోందన్నమాట.

నవ్వొస్తుంది కానీ ఇందులో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఎన్‌విఎమ్ఈ డ్రైవులు వేడిని సెల్సియస్‌లో చెప్పవు, కెల్విన్‌లో చెబుతాయి. దానికి 16 బిట్ల చోటు ఉంటుంది. ఈ సెన్సర్‌కు హద్దులు ఎవరూ పెట్టలేదు. కాబట్టి కింద సున్నా, పైన ఆ 16 బిట్లలో పట్టే అతి పెద్ద సంఖ్య 65535 అలాగే ఉండిపోయాయి. లినక్స్ గుండెకాయ అయిన కెర్నల్ రెండిట్లోంచీ 273.15 తీసేసి మనకు చూపించింది. అంతే.

ఇప్పుడు ఆ 38.9 సంగతి కూడా చూద్దాం. డ్రైవు చెప్పింది 312 కెల్విన్. దాంట్లోంచి 273.15 తీసేస్తే 38.85. మీ ఇంట్లో, ఆఫీసులో ఏ ఎన్‌విఎమ్ఈ చూసినా చివర .8 గానీ .9 గానీ ఉంటుంది, గమనించండి. ఎప్పుడూ .3 రాదు, .5 రాదు. పదో వంతు డిగ్రీ దాకా కొలిచినట్టు కనిపించే ఆ దశాంశం సెన్సర్ ఇచ్చింది కాదు, తీసివేతలో మిగిలింది.

ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఇదే. లినక్స్‌లో వేడి ఎంతుందో చూడటం చిటికెలో పని. ఆ అంకె ఎవరు చెప్పారు, ఏ లెక్కన చెప్పారు అన్నది తెలియకపోతే మాత్రం లేనిపోని టెన్షన్ అయినా పడతాం, లేనిపోని ధీమాతో అయినా కూర్చుంటాం. రెండోదే ఎక్కువ ప్రమాదం.

అంకె వచ్చే దారి చెబుతాను. చిప్‌లో సెన్సర్ ఉంటుంది. దాన్ని చదివే డ్రైవర్ కెర్నల్‌లో ఉంటుంది. ఆ డ్రైవర్లన్నీ హెచ్‌డబ్ల్యుమాన్ అనే ఉపవ్యవస్థ కిందికి వస్తాయి. అవి చదివినవన్నీ 'స్లాష్ సిస్, స్లాష్ క్లాస్, స్లాష్ హెచ్‌డబ్ల్యుమాన్' ఫోల్డర్లో ఫైళ్లుగా కనిపిస్తాయి. లోపల హెచ్‌డబ్ల్యుమాన్ 0, 1, 2 అని వరసగా ఫోల్డర్లు, చిప్‌కు ఒకటి. ప్రతి ఫోల్డర్లోనూ 'నేమ్' అనే ఫైల్లో ఆ చిప్ పేరు ఉంటుంది. 'టెంప్1 అండర్‌స్కోర్ ఇన్‌పుట్' ఫైల్ తెరిస్తే 47000 అని కనిపిస్తుంది. కంగారుపడకండి, అవి మిల్లీడిగ్రీలు. వెయ్యితో భాగిస్తే 47 డిగ్రీలు. 'ఫ్యాన్1 ఇన్‌పుట్'లో ఫ్యాన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతోందో ఉంటుంది. 'ఇన్0 ఇన్‌పుట్'లో వోల్టేజి మిల్లీవోల్టుల్లో ఉంటుంది.

మనం ఎల్ఎమ్-సెన్సర్స్ ప్యాకేజీ వేసుకుని కొట్టే 'సెన్సర్స్' కమాండ్ స్వయంగా ఏదీ కొలవదు. ఈ ఫైళ్లు చదివి, పేర్లు తగిలించి, వరసగా పేర్చి చూపిస్తుంది. బీటాప్, గ్లాన్సెస్, పీసెన్సర్, డెస్క్‌టాప్ ప్యానెల్ మీద పెట్టుకునే చిన్న చిన్న విడ్జెట్లు, వీటిలో చాలావరకు చివరికి తడిమేది ఈ ఫైళ్లనే. అందుకని ఏది వాడాలన్న చర్చలో నేను టైమ్ పెట్టను. మీకు ఏది నచ్చితే అది వాడండి. నాకు 'వాచ్ హైఫన్ ఎన్ 2 సెన్సర్స్' చాలు. రెండు సెకన్లకోసారి తాజా అంకెలు వస్తాయి. స్క్రిప్టు రాసేవాళ్లయితే 'సెన్సర్స్ హైఫన్ జె' కొట్టండి, ప్రోగ్రాములు తేలిగ్గా చదివే జేసన్ రూపంలో ఇస్తుంది. తెర మీది అక్షరాలను గ్రెప్‌తో, ఆక్‌తో కోసే బాధ తప్పుతుంది.

'సెన్సర్స్-డిటెక్ట్' గురించి రెండు మాటలు. ఇది మదర్‌బోర్డు మీద ఏ చిప్‌లు ఉన్నాయో వెతికి, ఏ మాడ్యూల్, అంటే ఏ డ్రైవర్ ముక్క, లోడ్ చెయ్యాలో చెబుతుంది. మధ్యలో బోలెడు ప్రశ్నలు అడుగుతుంది. ప్రతి ప్రశ్నకూ ఒక జవాబు ముందే పెద్దక్షరంలో ఉంటుంది. ఎంటర్ కొట్టుకుంటూ పోతే ఆ జవాబే తీసుకుంటుంది. ప్రమాదం ఉందనుకున్న చోట దాని జవాబు 'నో' అనే ఉంటుంది. ఆ చోట్లలో పట్టుబట్టి 'యెస్' కొట్టకండి. ఈ జాగ్రత్త ఊరికే రాలేదు. 2000ల తొలి రోజుల్లో కొన్ని ఐబీఎమ్ థింక్‌ప్యాడ్‌లలో ఈ వెతుకులాటే కొంప ముంచింది. సెన్సర్ ఉందేమోనని చిప్‌లను కలిపే ఎస్‌ఎమ్‌బస్ అనే దారి మీద తట్టిచూస్తే, అక్కడున్న సమాచారం దాచే ఈఈప్రామ్ చిప్‌లో రాత చెడిపోయి ల్యాప్‌టాప్ అసలు బూట్ కాకుండా పోయింది. ఆ తర్వాత మెషీన్ ఐబీఎమ్‌దా కాదా అని ముందే చూసుకుని వెనక్కి తగ్గేలా కోడ్ మార్చారు. చదవడమే కదా, ఏమవుతుందిలే అనుకోవడానికి హార్డ్‌వేర్ దగ్గర వీల్లేదు.

నిజానికి ఇవాళ ల్యాప్‌టాప్‌లలో దీని అవసరం తక్కువ. ఇంటెల్‌కు కోర్‌టెంప్, ఏఎమ్‌డీకి కె10టెంప్, ఎస్‌ఎస్‌డీకి ఎన్‌విఎమ్ఈ డ్రైవర్, ఇవన్నీ వాటంతటవే లోడ్ అవుతాయి. డెస్క్‌టాప్ బోర్డు మీద ఫ్యాన్లనూ వోల్టేజీలనూ చూసే నువోటాన్ చిప్‌నో ఐటీఈ చిప్‌నో పట్టుకోవడానికే ఎక్కువగా పనికొస్తుంది.

ఇక అసలు విషయం. ఒక్కో సెన్సర్ ఎలా మాట్లాడుతుందో చూద్దాం.

ఇంటెల్ ప్రాసెసర్‌లో ప్రతి కోర్, అంటే లెక్కలు చేసే భాగం, దగ్గరా డిజిటల్ సెన్సర్ ఉంటుంది. అది వేడి ఎంతో చెప్పదు. గరిష్ఠ హద్దుకు ఇంకా ఎన్ని డిగ్రీల దూరంలో ఉన్నామో చెబుతుంది. ఆ హద్దును టీజేమ్యాక్స్ అంటారు. చాలా మోడళ్లలో అది 100 డిగ్రీలు. సెన్సర్ 40 అంటే, కోర్‌టెంప్ డ్రైవర్ 100లోంచి 40 తీసేసి మనకు 60 అని చూపిస్తుంది. దీన్ని తయారుచేసిన ఉద్దేశం ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడం. కాబట్టి హద్దుకు దగ్గరపడే కొద్దీ అది చెప్పేది నమ్మదగ్గదిగా ఉంటుంది. ఖాళీగా ఉన్నప్పుడు, 35, 40 దగ్గర, అంత కచ్చితం కాదు. ఒక కోర్ 36, పక్క కోర్ 42 చూపిస్తే కూలర్ వంకరగా కూర్చుందేమోనని విప్పదీయకండి. లోడ్ ఇచ్చి, 80 దాటాక కూడా ఒక కోర్ మిగతావాటికంటే పదిహేను డిగ్రీలు ఎక్కువుంటే అప్పుడు అనుమానించండి.

ఇంకో సంగతి. కోర్ వేడి మిల్లీసెకన్లలో మారిపోతుంది. మీరు టెర్మినల్ తెరిచారు, కమాండ్ కొట్టారు, ఆ పని కోసమే ఒక కోర్ నిద్ర లేచి క్లాక్, అంటే పనిచేసే వేగం, అమాంతం పెంచుకుంది. అంటే కొలిచే పనే కొలతను కాస్త పైకి నెడుతుంది. అందుకని మొదట వచ్చిన అంకెను పట్టుకుని వేలాడకండి. ఒక నిమిషం వదిలేసి చూడండి.

ఏఎమ్‌డీ దారి వేరు. కె10టెంప్ కింద 'టీసీటీఎల్' అని కనిపిస్తుంది. అది ఫ్యాన్ ఎంత తిరగాలో నిర్ణయించడానికి పెట్టుకున్న అంకె. నిజమైన వేడితో అది కలవాలని రూలేమీ లేదు. 2017లో మొదటి రైజెన్‌లు వచ్చినప్పుడు 1700ఎక్స్, 1800ఎక్స్ మోడళ్లలో దీనికి 20 డిగ్రీలు కలిపి చూపించేవారు. చిప్ 38లో ఉంటే తెర మీద 58. కొత్త మెషీన్ కొనుక్కున్న సంతోషం ఆ ఒక్క అంకెతో ఆవిరైపోయినవాళ్లు చాలామంది. కూలర్లు మార్చారు, చిప్‌కూ కూలర్‌కూ మధ్య ఉండే పేస్ట్ మళ్లీ పూశారు. తర్వాత డ్రైవర్‌లో ఆ తేడా తీసేసి 'టీడై' అని వేరే లైను చూపించడం మొదలైంది. ఇప్పటి మోడళ్లలో 'టీసీసీడీ' అనే లైన్లు కూడా ఉంటాయి. కోర్లు ఉన్న చిప్‌లెట్ ఒక్కోదానికి ఒకటి. టీసీటీఎల్ కంటే అవే మీకు ఎక్కువ చెబుతాయి.

ఇక మదర్‌బోర్డు చిప్‌లు. వీటి దగ్గర ఓపిక కావాలి. ఒక చిప్‌కు పదీ పన్నెండు సెన్సర్ పిన్నులుంటాయి. బోర్డు తయారుచేసినవాళ్లు అందులో మూడో నాలుగో కలుపుతారు. మిగతావి గాల్లో వేలాడుతుంటాయి. కానీ చిప్‌కు ఆ సంగతి తెలియదు. అడిగితే ఏదో ఒకటి చెబుతుంది. 'ఆక్స్‌టిన్' ఎదురుగా 127 డిగ్రీలో, మైనస్ 62 డిగ్రీలో కనిపిస్తే అది వేడీ కాదు, చలీ కాదు, తగిలించని తీగ. 127 అన్నది గుర్తుతో సహా 8 బిట్లలో పట్టే గరిష్ఠ సంఖ్య. అలాంటి అంచు సంఖ్య కనబడగానే ముందు దాన్నే అనుమానించండి.

వీటిని వదిలించుకోవడానికి 'స్లాష్ ఈటీసీ, స్లాష్ సెన్సర్స్ డాట్ డి' ఫోల్డర్లో చిన్న ఫైల్ రాసుకోవచ్చు. చిప్ పేరు, దాని కింద 'ఇగ్నోర్ టెంప్7' అని ఒక లైను, 'లేబుల్ టెంప్2' అని మీకు తెలిసిన పేరు ఇంకో లైను. ఏ పిన్ను దేనికి కలిసిందో ఎలా తెలుస్తుంది? లినక్స్ మొదలవకముందే తెరుచుకునే బయాస్ స్క్రీన్‌లో చూపించే అంకెలతో పోల్చుకోవాలి. లేదంటే ఒక్కో భాగానికి లోడ్ ఇచ్చి ఏది కదులుతుందో చూడాలి. విసుగు పుట్టించే పనే. కానీ ఒక్కసారి చేస్తే ఆ బోర్డు ఉన్నన్నాళ్లూ పనికొస్తుంది.

ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు 'ఏసీపీఐటీజెడ్' అనే పేరు చూసే ఉంటారు. చాలా మెషీన్లలో అది 27.8 దగ్గర ఆగి ఉంటుంది. వీడియో రెండర్ చేసినా 27.8. ప్రాసెసర్ 95కి ఎక్కినా 27.8. కారణం ఏంటంటే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్, అంటే ఫర్మ్‌వేర్, ఆపరేటింగ్ సిస్టమ్‌తో మాట్లాడే పద్ధతి ఏసీపీఐ. దాని లెక్కలో వేడిని కెల్విన్‌లో పదో వంతులుగా చెప్పాలి. ఫర్మ్‌వేర్ రాసినవాళ్లు అక్కడ సెన్సర్ చదివే కోడ్ రాయకుండా 3010 అని ఒక అంకె పడేశారు. 301 కెల్విన్, అంటే 27.8 డిగ్రీలు. మనకేమో 'స్లాష్ సిస్, స్లాష్ క్లాస్, స్లాష్ థర్మల్'లో మొదటి జోన్ అదే తగులుతుంది. దాన్ని తీసుకొచ్చి ప్యానెల్ మీద పెట్టుకుని, మా ల్యాప్‌టాప్ ఎంత చల్లగా ఉంటుందో చూడండి అనేవాళ్లు ఉన్నారు. (నవ్వులు) జోన్ ఫోల్డర్లో 'టైప్' అనే ఫైల్ చదవండి. 'ఎక్స్86 ప్యాకేజ్ టెంప్' అని ఉన్న జోన్ వెతికి పట్టుకోండి.

స్క్రిప్టులు రాసేవాళ్లు ఇది మాత్రం రాసుకోండి. హెచ్‌డబ్ల్యుమాన్ ఫోల్డర్ల నంబర్లు స్థిరం కావు. ఏ డ్రైవర్ ముందు లోడ్ అయితే దానికి ముందు నంబరు. ఇవాళ హెచ్‌డబ్ల్యుమాన్2 ప్రాసెసర్‌దైతే, కెర్నల్ అప్‌గ్రేడ్ తర్వాత అదే నంబరు ఎస్‌ఎస్‌డీకి పోవచ్చు. నా చేతికి వచ్చిన ఒక సర్వర్లో సరిగ్గా ఇలాగే జరిగింది. స్క్రిప్టులో నంబరు నేరుగా రాసి ఉంది. గ్రాఫ్‌లో గీత 39 దగ్గర ప్రశాంతంగా సాగిపోతోంది. లోపల ప్రాసెసర్ ఫ్యాన్ ఆగిపోయి ఉంది. గ్రాఫ్ చూపిస్తున్నది వేరే చిప్‌ది. కాబట్టి నంబరు మీద ఆధారపడకండి. అన్ని ఫోల్డర్లలోనూ 'నేమ్' ఫైల్ చదివి, అందులో కోర్‌టెంప్ అనో కె10టెంప్ అనో ఉన్న ఫోల్డర్‌నే వాడండి. స్క్రిప్టులో నాలుగు లైన్ల పని.

సరే, సరైన సెన్సర్ దొరికింది. అంకె 95. ఇప్పుడు భయపడాలా?

ఆ ఒక్క అంకెతో చెప్పలేం. 2022లో రైజెన్ 7000 వరస వచ్చినప్పుడు, పూర్తి లోడ్‌లో 95 డిగ్రీల దాకా వెళ్లి అక్కడే పనిచేసేలా తయారుచేశామని ఏఎమ్‌డీ వాళ్లే చెప్పారు. అక్కడ 95 అంటే చిప్ తనకిచ్చిన హద్దును పూర్తిగా వాడుకుంటోందని అర్థం. ఇంకో ల్యాప్‌టాప్‌లో అదే 95 అంటే ఊపిరాడక క్లాక్ సగానికి పడిపోయి ఉండొచ్చు. తేడా తెలియాలంటే వేడి పక్కన క్లాక్, వాట్లు కూడా పెట్టుకుని చూడాలి. ఇంటెల్ మెషీన్లలో దీనికి టర్బోస్టాట్ అనే కమాండ్‌ను మించినది లేదు. రూట్‌గా, అంటే పూర్తి హక్కులతో, నడపండి. 'బిజీ మెగాహెర్ట్జ్', 'ప్యాకేజ్ టెంప్', 'ప్యాకేజ్ వాట్', ఈ మూడు నిలువు వరసలు చూస్తే చాలు.

దీనికి తలకిందులుగా ఉండే కేసు ఒకటి చెబుతాను. ఒక మిత్రుడి ల్యాప్‌టాప్ ఉన్నట్టుండి నత్తనడక మొదలెట్టింది. బ్రౌజర్లో ట్యాబ్ తెరవడానికి కూడా ఆలోచిస్తోంది. సెన్సర్స్ చూస్తే 46 డిగ్రీలు. వేడి లేదు కదా అని డిస్కును అనుమానించాడు, సిస్టమ్ మొత్తం మళ్లీ ఇన్‌స్టాల్ చేశాడు. మార్పు లేదు. టర్బోస్టాట్ పెట్టి చూస్తే క్లాక్ 400 మెగాహెర్ట్జ్ దగ్గర మేకు కొట్టినట్టు ఆగి ఉంది. ప్రాసెసర్‌కు ప్రోక్‌హాట్ అని ఒక పిన్ను ఉంటుంది. వేడెక్కినప్పుడు ప్రాసెసర్ దాన్ని లాగుతుంది. కానీ బోర్డు మీది వేరే చిప్‌లు కూడా దాన్ని లాగి, నెమ్మదించు అని చెప్పొచ్చు. ఈ ల్యాప్‌టాప్‌కు పెట్టింది తక్కువ వాట్ల చార్జర్. కరెంటు సరిపోదని బోర్డు ఆ పిన్ను లాగి పట్టుకుంది. అసలు చార్జర్ పెట్టగానే లేచి కూర్చుంది. వేడి తక్కువ ఉంది కాబట్టి అంతా సవ్యం అనుకుంటే ఇలాంటివి ఎప్పటికీ దొరకవు.

నన్నడిగితే, ఈ క్షణంలో ఎంత అన్న అంకె కంటే ఇప్పటిదాకా ఏం జరిగింది అని పోగేసి పెట్టే లెక్కలే ఎక్కువ పనికొస్తాయి. మనం చూడని రాత్రిళ్లు కూడా అవి రాసుకుంటూనే ఉంటాయి. ఇంటెల్‌లో ప్రతి కోర్ ఫోల్డర్ కింద 'థర్మల్ థ్రాటిల్' అని ఉంటుంది. అందులో 'కోర్ థ్రాటిల్ కౌంట్' ఫైల్లో, బూట్ అయినప్పటినుంచి వేడి వల్ల ఎన్నిసార్లు క్లాక్ తగ్గించాల్సి వచ్చిందో ఉంటుంది. అది సున్నా అయితే మీ ప్రాసెసర్ వేడి గురించి నిశ్చింతగా ఉండొచ్చు. వేలల్లో ఉంటే, ఇప్పుడు 50 డిగ్రీలే కనిపిస్తున్నా సరే, పని ఒత్తిడిలో అది అవస్థ పడుతోందని తెలిసిపోతుంది.

ఎన్‌విఎమ్ఈకి కూడా ఇలాంటిది ఉంది. 'ఎన్‌విఎమ్ఈ స్మార్ట్-లాగ్' కొడితే హెచ్చరిక హద్దు దాటి ఎన్ని నిమిషాలు ఉంది, ప్రమాద హద్దు దాటి ఎన్ని నిమిషాలు ఉంది అని జీవితకాలం లెక్క వస్తుంది. ఎవరైనా వాడిన ఎస్‌ఎస్‌డీ అమ్ముతామంటే నేను మొదట అడిగేది ఆ రెండు లైన్లే.

తిరిగే హార్డ్ డిస్కులకు వస్తే, 'స్మార్ట్‌సీటీఎల్ హైఫన్ ఎల్ ఎస్‌సీటీటెంప్' కొట్టి చూడండి. చాలా డిస్కులు తమ వేడి చరిత్ర తామే రాసుకుంటాయి. కనిష్ఠం, గరిష్ఠం, ఈమధ్య గంటల గ్రాఫ్ అన్నీ ఉంటాయి. మామూలు సాటా డిస్కుల వేడి సెన్సర్స్ కమాండ్‌లోనే కావాలంటే డ్రైవ్‌టెంప్ మాడ్యూల్ లోడ్ చెయ్యండి. కెర్నల్ 5.6 నుంచి, అంటే 2020 నుంచి ఉంది. అంతకుముందు హెచ్‌డీడీటెంప్ అని రూట్‌గా వెనకాల నడుస్తుండే ప్రోగ్రామ్ (డీమన్) వాడేవాళ్లం. దాని బాగోగులు చూసేవాళ్లు లేరు, ఇప్పుడు దాని జోలికి వెళ్లకండి. ఒక జాగ్రత్త ఏంటంటే, కొన్ని డిస్కుల్లో వేడి చదివినప్పుడల్లా నిద్రపోవడానికి పెట్టిన టైమర్ మళ్లీ మొదటికొస్తుంది. నిమిషానికోసారి అడుగుతుంటే పాపం అది ఎప్పుడూ పడుకోదు.

డిస్కులకు వేడి ఎంత చేటు అన్నదాని మీద మనకున్న భయాలు కొంచెం ఎక్కువే. 2007లో గూగుల్ ఇంజనీర్లు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల లెక్కలు ప్రచురించారు. వేడి పెరిగే కొద్దీ చెడిపోవడం పెరుగుతుందన్న అంచనా అందులో నిలబడలేదు. మరీ ఎక్కువ వేడి దగ్గర, అదీ వయసు మీరిన డిస్కుల్లో మాత్రమే తేడా కనబడింది. చల్లటి డిస్కులే కొన్నిచోట్ల ఎక్కువ పోయాయి. అలాగని పట్టించుకోవద్దని కాదు. 42 చూసి కంగారుపడి కేబినెట్ మూత తీసేసి, లోపల దుమ్ము చేరనివ్వొద్దంటున్నాను.

గ్రాఫిక్స్ కార్డుల గురించి క్లుప్తంగా. ఎన్‌విడియా సొంత డ్రైవర్ వాడితే ఆ కార్డు హెచ్‌డబ్ల్యుమాన్‌లో కనబడదు, 'ఎన్‌విడియా-ఎస్ఎమ్ఐ'ని అడగాలి. ఏఎమ్‌డీ కార్డులు కనిపిస్తాయి. ఎడ్జ్, జంక్షన్, మెమ్ అని మూడు లైన్లు ఉంటాయి. జంక్షన్ అంటే చిప్ మొత్తంలో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు. అది ఎడ్జ్ కంటే బాగా ఎక్కువ ఉండటం మామూలే.

ఇప్పుడు ఇంటికెళ్లి మీరు చెయ్యగలిగిన పని ఒకటి చెబుతాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం కాకుండా, మెషీన్ బాగున్నప్పుడే ఒక కొలత తీసి పెట్టుకోండి. 'స్ట్రెస్-ఎన్‌జీ' తీసుకుని, అన్ని కోర్ల మీదా పది నిమిషాలు లోడ్ పెట్టండి. చివరి నిమిషంలో ఐదు అంకెలు రాసుకోండి. గది వేడి, ప్యాకేజ్ వేడి, ఫ్యాన్ వేగం, క్లాక్, వాట్లు. వీటిలో అందరూ మరిచిపోయేది మొదటిది. గది వేడి లేకుండా మిగతావి పోల్చలేం.

ఉదాహరణకు, కొత్తలో గది 28, ప్యాకేజ్ 78, తేడా 50. ఏడాది తర్వాత అదే పరీక్ష పెడితే గది 24, ప్యాకేజ్ 80. రెండు డిగ్రీలే కదా పెరిగింది అనిపిస్తుంది. కానీ తేడా 56 అయింది. వాట్లు అవే ఉంటే, పెరిగిన ఆ ఆరు డిగ్రీలూ దుమ్మువో, ఎండిపోయిన థర్మల్ పేస్ట్‌వో. ఒకవేళ మీ ల్యాప్‌టాప్ రెండుసార్లూ 100 దగ్గరే ఆగిందనుకోండి, అప్పుడు వేడిని పోల్చి లాభం లేదు, అది హద్దు దాటదు కదా. వాట్లు పోల్చండి. కొత్తలో 100 డిగ్రీల దగ్గర 45 వాట్లు బయటికి పంపగలిగిన కూలర్ ఇప్పుడు అదే 100 దగ్గర 33 వాట్లే పంపుతోందంటే, విప్పి శుభ్రం చేసే టైమ్ వచ్చింది.

సర్వర్లు చూసుకునేవాళ్లు, మెషీన్ల అంకెలు పోగేసే ప్రోమెథియస్ నోడ్ ఎక్స్‌పోర్టర్ వాడితే అది ఈ హెచ్‌డబ్ల్యుమాన్ ఫైళ్లనే చదువుతుంది, వేరే ఏర్పాటు అక్కర్లేదు. అలర్ట్ పెట్టేటప్పుడు మాత్రం ఒక్క అంకె హద్దు దాటగానే మోగేలా పెట్టకండి. పదేపదే ఉత్తపుణ్యానికి మోగితే వారంలో అందరూ దాన్ని మ్యూట్ చేసేస్తారు. పది నిమిషాలపాటు హద్దుకు దగ్గరగా ఉంటేనే మోగాలి. ఫ్యాన్ ఆగితే వెంటనే మోగాలి. అన్నిటికంటే ముఖ్యం, అంకె రావడం ఆగిపోతే మోగాలి. డ్రైవర్ లోడ్ కాకపోతే గ్రాఫ్ ఖాళీగా ఉంటుంది. ఖాళీ గ్రాఫ్ ఏ హద్దూ దాటదు మరి.

నా వైపు నుంచి ఇంతే. ప్రశ్నలుంటే అడగండి.

(సభలోంచి: ఫ్యాన్ వేగం మనమే మార్చుకోవచ్చా సార్?)

మార్చుకోవచ్చు. పీడబ్ల్యుఎమ్-కాన్ఫిగ్, ఫ్యాన్-కంట్రోల్ అని రెండున్నాయి, ఎల్ఎమ్-సెన్సర్స్‌తో పాటు వచ్చేవే. మొదటిది ఏ కంట్రోల్ ఏ ఫ్యాన్‌దో కనుక్కోవడానికి ఒక్కో ఫ్యాన్‌ను కాసేపు ఆపి చూస్తుంది. కాబట్టి లోడ్ ఉన్నప్పుడు దాన్ని నడపకండి. నా సలహా అడిగితే డెస్క్‌టాప్‌లో ముందు బయాస్‌లో ఉన్న ఫ్యాన్ కర్వ్ వాడండి. లినక్స్ హ్యాంగ్ అయినా అది పనిచేస్తూనే ఉంటుంది. మన ప్రోగ్రామ్ ఆగిపోతే ఫ్యాన్ చివరి వేగం దగ్గరే ఉండిపోతుంది.

(సభలోంచి: రాస్ప్‌బెర్రీ పైలో ఎలా?)

థర్మల్ జోన్ 0 చదివితే సరిపోతుంది. లేదా 'వీసీజెన్‌కమాండ్ మెజర్ టెంప్'. దాంతోపాటు 'గెట్ థ్రాటిల్డ్' కూడా కొట్టండి. అక్కడ సున్నా వస్తే మంచిది. 50005 అని వస్తే, అది హెక్స్ సంఖ్య, వోల్టేజి తగ్గింది, క్లాక్ తగ్గించాను, ఇప్పుడూ అంతే, ఇంతకుముందూ అంతే అని అర్థం. చాలామంది దాన్ని చూసి హీట్‌సింక్ కొంటారు. ఆ 5లో 1 వోల్టేజి తగ్గిందని చెబుతుంది, 4 క్లాక్ తగ్గించానని చెబుతుంది. ముందు అడాప్టర్, కేబుల్ మార్చి చూడండి.

(సభలోంచి: నేను వాడేది వర్చువల్ మెషీన్. సెన్సర్స్ కొడితే ఏమీ దొరకలేదంటోంది.)

దొరకదు. లోపలున్న గెస్ట్‌కు, అంటే ఆ వర్చువల్ మెషీన్‌కు, నిజమైన సెన్సర్లు కనబడవు, మాడ్యూళ్లు ఎన్ని లోడ్ చేసినా లాభం లేదు. అద్దెకు తీసుకున్న క్లౌడ్ మెషీన్ అయితే వేడి సంగతి వాళ్లే చూసుకోవాలి. దాన్ని నడిపే అసలు మెషీన్, అంటే హోస్ట్, మీ చేతిలో ఉంటే అక్కడ చూడండి. అది సర్వరైతే బోర్డును విడిగా కనిపెట్టుకునే బీఎమ్‌సీ అనే చిన్న చిప్ ఉంటుంది, 'ఐపీఎమ్ఐ-టూల్ ఎస్‌డీఆర్ టైప్ టెంపరేచర్' కొట్టండి. నెట్‌వర్క్ ద్వారా కూడా అడగొచ్చు. ఆపరేటింగ్ సిస్టమ్ వేలాడిపోయినా, మెషీన్ ఆపేసి ఉన్నా, పవర్ కేబుల్ తగిలించి ఉంటే చాలు, బీఎమ్‌సీ జవాబు చెబుతుంది. లోపలికి వచ్చే గాలి ఎంత వేడిగా ఉందో ఆ లిస్టులో ఉంటుంది. ప్రాసెసర్ ఎదురుగా మాత్రం రీడింగ్ లేదని వస్తుంది, అది ఆగి ఉంది కాబట్టి.